ఎక్కి చూడని బల్ల

రెండో అంతస్తు దాటి మూడో అంతస్తుకి తిరిగే మలుపులో లోర్నా కుడి భుజం మొరాయించింది. నొప్పి అని కూడా అనడానికి లేదు. లోపల ఎవరో మీట నొక్కి ఆపేసినట్టు చెయ్యి చచ్చుబడింది. పట్టీ జారింది. బల్ల ఆమె మోకాలిని ఒరుసుకుంటూ గోడకి కొట్టుకుని, అరిగిపోయిన ఆ రాతిమెట్ల మీద దడదడమంటూ జారి, కింది మలుపులో కిటికీ కింద బోర్లా పడింది.

కింద ఎవరిదో తలుపు తెరుచుకుంది.

"ఎవరైనా పోయారా?"

"లేదు," అంది లోర్నా.

"అయితే సరే." తలుపు మూసుకుంది.

పైనుంచి ఇంకో గొంతు మెట్ల మధ్య సందులోంచి దిగింది. "లోర్నా! పడింది నువ్వా, బల్లా?"

"బల్ల!"

"అయితే నువ్వు రా. అదెక్కడికీ పోదు."

పోదు నిజమే, కానీ రాదు కూడా. లోర్నా కిందికి దిగింది. గోధుమరంగు తోలు కప్పిన కర్ర బల్ల, మధ్యకి మడిస్తే పెట్టెలా అవుతుంది. ఈడొచ్చిన దూడంత బరువు. గ్లాస్గోలో తూర్పు పేటంతా దాన్ని మోసుకుంటూ ఇంటింటికీ వెళ్ళి ఒళ్ళు పట్టడం ఆమె పని. వాళ్ళ నడుములు, మెడలు, తుంట్లు బాగుచేసి మళ్ళీ దాన్ని ఎత్తుకుని ఇంకో మెట్లవరస ఎక్కుతుంది. ఆ పేటలో ఇళ్ళన్నీ పాత రాతి కట్టడాలు. లిఫ్టు అన్న మాట అక్కడివాళ్ళకి ఆసుపత్రిలోనే వినపడుతుంది. లోర్నా బల్లని ఎడం చేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆనిస్తూ, తిట్టుకుంటూ ఈడ్చుకొచ్చింది. మొదట బల్లని తిట్టింది, తర్వాత మెట్లు కట్టినవాణ్ణి, చివరికి మూడో అంతస్తులో కాపురం పెట్టినందుకు సెంగాని.

సెంగా మెక్‌క్రిండిల్ గుమ్మంలో నిలబడి ఉంది. గుమ్మం నిండా ఉంది. బడి వంటశాలలో నలభై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి. ఉద్యోగం మానినా చేతులు ఇంకా గంపెడు పిండి పిసికేలాగే ఉన్నాయి. తుంటి పట్టేసిన దగ్గర్నుంచి, అంటే చలికాలం మొదలు, ఆమె ఆ మెట్లు దిగలేదు.

"మొహం చూడు, ఉడకేసిన దుంపలా ఉంది," అంది. "ముందు టీ తాగు."

"ముందు పని," అంది లోర్నా.

బల్ల విప్పి, కాళ్ళు దించి, దుప్పటి పరిచింది. సెంగా పీట మీద కాలు పెట్టి, అంచున కూర్చుని, ఒక్కో పక్కా తిప్పుకుంటూ బోర్లా పడుకుంది. బల్ల కిక్కురుమనలేదు. లోర్నా అరచేతుల మధ్య నూనె వెచ్చజేసి తుంటి మీద ముంజేయి ఆనించి, ఒంటి బరువంతా మెల్లగా వదిలింది. సెంగా ముఖం బల్ల కంతలో పెట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి ఆమె మాటలు నేలలోంచి వస్తున్నట్టుంటాయి. ఎదురింటివాళ్ళ పిల్లిని, రొట్టెల కొట్టువాణ్ణి, వాతావరణం చెప్పేవాణ్ణి వరసపెట్టి ఉతికి ఆరేసింది. ఉన్నట్టుండి ఆగింది.

"ఈవేళ ఎడం చెయ్యే మాట్లాడుతోంది. కుడిది అలిగిందా?"

లోర్నా అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంది.

"నిన్నే. నా వీపుకి చెవులున్నాయి."

"భుజం కాస్త పట్టింది. సగం పనే అయింది ఈవేళ. గురువారం వచ్చి మిగతా సగం చేస్తాను."

"తేలిక బల్ల కొనుక్కోరాదూ, తల్లీ? ఈ శవపేటిక మోసి మోసి నువ్వే దీంట్లో పడుకుంటావు."

"కొంటాను," అంది లోర్నా. రెండేళ్ళుగా అంటున్న మాటే. కానీ ఈసారి దిగేటప్పుడు బల్లని సెంగా గుమ్మం లోపలే వదిలేసి, సాయంత్రం తన మొగుడు ఫెర్గస్ ఇంకో కుర్రాణ్ణి తోడు తీసుకుని వచ్చి దింపుకుపోతాడని చెప్పి, ఖాళీ చేతుల్తో వెళ్ళింది.

*

ఫెర్గస్ ఊళ్ళో బస్సు నడుపుతాడు. ఏ వస్తువు కొనాలన్నా తనంత తెలిసినవాడు లేడని అతని నమ్మకం. మంగళవారం సెలవు పెట్టి, పొద్దున్నంతా ఫోన్లో మసాజ్ బల్లల గురించి జనం రాసినవి చదివి, దారి పొడుగునా భార్యకి పాఠం చెప్పాడు.

"జర్మనీవాడు ఒకడు రాశాడు, అల్యూమినియం కాళ్ళయితే జన్మలో చూసుకోనక్కర్లేదట."

"అతను మసాజ్ చేస్తాడా?"

"అదేం రాయలేదు."

కొట్టు ఊరి చివర, గిడ్డంగిలా ఉంది. రేడియోలో ఎవడో అరుస్తున్నాడు. కల్లమ్ అని చొక్కా మీద పేరు కుట్టించుకున్న పొడుగాటి కుర్రాడు ఎదురొచ్చాడు. కండలు తిరిగిన చేతులు. వాణ్ణి చూస్తే భుజం నొప్పి గురించి కనీసం విన్నట్టు కూడా లేడు.

"తేలికది కావాలా? ఇదిగో మేడమ్, ఈకే అనుకోండి." ఒక బల్లని చూపుడువేలికి తగిలించి ఎత్తాడు.

"దీన్ని పట్టుకుని ఎప్పుడైనా మూడంతస్తులు ఎక్కావా, బాబూ?"

"మా దగ్గర లిఫ్టు ఉంది కదండీ."

లోర్నా ఊపిరి బిగబట్టి వదిలింది. "విప్పు, చూస్తాను."

మొదటిది సన్నం. పడుకున్నవాళ్ళ చేతులు ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే, పక్కల నుంచి వేలాడతాయి, అదీ ఒక సుఖమేనన్నాడు. రెండోదాని కాళ్ళు ఎంత దించినా లోర్నా నడుము కంటే కిందికి దిగలేదు.

"ఇంకా దిగదా?"

"చాలామందికి ఇది సరిపోతుంది మేడమ్."

"చాలామంది నీ అంత ఉంటారు కాబోలు. నేను నా అంతే ఉన్నాను. బల్ల ఎత్తయితే ఒంటి బరువు వాలదు. అంతా భుజంతో తొయ్యాలి. అందుకే కదా నేనిక్కడికి వచ్చింది!"

మూడోది దిగింది. వెడల్పూ ఫరవాలేదు. లోర్నా మడిచి, పట్టీ భుజానికి వేసుకుని, కొట్టులో ఆ చివరికి నడిచి వచ్చింది. దించి, మళ్ళీ ఎత్తింది. భుజం ఏమీ అనలేదు. మళ్ళీ ఎత్తింది. అప్పుడూ ఏమీ అనలేదు. చాలా కాలానికి ఆమెకి లోపల ఒక తలుపు తెరుచుకున్నట్టయింది.

"సంచీకి నీళ్ళసీసా జేబు కూడా ఉంది!" అన్నాడు ఫెర్గస్.

"ఎంత బరువు ఆపుతుంది?" అని కల్లమ్‌ని అడిగింది.

"సగటు మనిషికి ఏ ఢోకా లేదు."

"సగటు మనిషెవరో నాకు తెలీదు. ఇంతవరకు నా దగ్గరికి రాలేదు."

కల్లమ్ వంగి, కాళ్ళని కలిపే అడ్డకమ్మి మీద అతికించిన ఎర్రటి చీటీ చూపించాడు. ఇంత బరువు మించరాదు అని కొట్టొచ్చినట్టున్న అక్షరాలు. సెంగా బరువెంతో లోర్నాకి తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు. కంటికి చూస్తే ఆ అంకెకి ఇవతలే ఉంటుందనిపించింది. అవతల ఉండొచ్చని కూడా అనిపించింది. ఆ రెండో మాటని ఆమె పక్కకి నెట్టేసింది.

"మరీ భారీ మనుషులైతే," అన్నాడు కల్లమ్ గొంతు తగ్గించి, "వాళ్ళని క్లినిక్‌కే రమ్మనండి. అదే సుళువు."

"మెట్లు దిగలేకే కదయ్యా నన్ను పిలుస్తారు!"

"ఒక వారం వాడి చూడండి. నచ్చకపోతే మరకల్లేకుండా తిరిగి తెచ్చివ్వండి."

తీసుకుంది. కారెక్కేదాకా ఫెర్గస్ నీళ్ళసీసా జేబుని పొగుడుతూనే ఉన్నాడు.

*

బుధవారం ఒక వ్యాయామం మాస్టారి పిక్కలు పట్టడానికి వెళ్ళింది. మెట్లు గాలిలా ఎక్కింది. బల్ల విప్పడం కూడా ఒక్క ఊపులో అయిపోయింది. కానీ చెయ్యి వేసి తోసిన ప్రతిసారీ ఎక్కడో కిచ్‌మంటోంది. తోస్తే కిచ్, లాగితే కిచ్.

"ఎలుక ఉందా ఇక్కడ?" అన్నాడు మాస్టారు కంతలోంచి.

"ఇల్లు మీది. మీరే చెప్పాలి."

మరలు బిగించింది. కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలుపెట్టింది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకుంది.

గురువారం సెంగా ఇంటి మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కి తలుపు కొట్టింది.

"అప్పుడే వచ్చేశావా! ఇంకా కెటిల్ కూడా పెట్టలేదు." సెంగా ఆమె భుజం మీది సన్నటి సంచీని చూసి నవ్వింది. "ఇదేనా? నేను దీన్ని గొడుగనుకున్నాను."

లోర్నా ఆ నవ్వుకి పొంగిపోయి బల్ల విప్పి, కాళ్ళు దించి, దుప్పటి పరిచింది. సెంగా ఉన్నికోటు విప్పి కుర్చీ మీద వేసింది. అది జారి కింద పడింది. తీయడానికి ఒక చేత్తో కుర్చీ పట్టుకుని మెల్లగా వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ లేవలేదు. ఆమె కళ్ళెదుట ఎర్రచీటీ ఉంది.

లేచి, కోటు దులిపి, మడతపెట్టింది.

"ఈవేళ వద్దులే, లోర్నా. తుంటి బాగానే ఉంది."

"కోటు తీయడానికే అంత సేపు పట్టింది. బాగుండడమేమిటి? పడుకోండి."

"నీ బొమ్మ విరిగితే నాకు పాపం."

"విరగదు. అంకెలు వాళ్ళు తగ్గించే రాస్తారు. కొట్టువాడే చెప్పాడు." కొట్టువాడు చెప్పలేదు. "సెంగా, మూడంతస్తులు ఎక్కి వచ్చాను. ఎక్కండి."

ఆ చివరి మాట తనకే కటువుగా వినిపించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆదివారం చర్చికి పొమ్మంటే కదిలే పిల్లలా సెంగా పీట మీద కాలు పెట్టింది. అంచున కూర్చోగానే బల్ల మూలిగింది. ఆమె కళ్ళు మూసుకుని, కొంచెం కొంచెంగా జరుగుతూ పడుకుంది.

లోర్నా నూనె వెచ్చజేసి చేతులు వేసింది. కింద ఉన్నది వీపు కాదు, కొయ్య. భుజాల్నుంచి మడమల దాకా బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ బల్ల అంచుల్ని పట్టుకున్నాయి. వేలి కణుపులు తెల్లబడ్డాయి. లోర్నా ఎంత మెల్లగా వాలినా ఆ కొయ్య ఇంకాస్త బిగిసింది. బల్ల కిచ్‌మంది. నేలలోంచి ఒక్క మాట రాలేదు. పిల్లి లేదు, రొట్టెలకొట్టువాడు లేడు.

"వదిలెయ్యండి. ఊపిరి పీల్చండి."

"పీలుస్తున్నాను."

కాసేపటికి సెంగా తనంతట తనే లేచి కూర్చుంది. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"చాలు. హాయిగా ఉంది," అంది. "వచ్చేవారం రావొద్దు. అవసరమైతే నేనే ఫోన్ చేస్తాను."

"సెంగా!"

"జాగ్రత్తగా దిగు, తల్లీ. తేలిక సామాను గాలికి కొట్టుకుపోతుంది."

తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది. విసిరికొట్టి ఉంటే లోర్నాకి కొంచెం బాగుండేది.

*

ఇంటికొచ్చేసరికి లోర్నా అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. సెంగా మీద కోపం. పట్టుకుని ఏడిపించే ఆ మొండితనం మీద కోపం. కల్లమ్ మీద, ఆ సగటు మనిషి మీద, ఎర్రచీటీ అతికించినవాడి మీద. కనిపించని చోట అతికించడానికి వాడికి చెయ్యి రాలేదా? ముందుగదిలో సోఫా జరిపి, బల్ల విప్పి, ఫెర్గస్‌ని పిలిచింది.

"నేను పడుకుంటాను. నా నడుము మీద రెండు చేతులూ ఆనించి వాలు."

"నాకేం వచ్చు?"

"బస్సులో బ్రేకు తొక్కినట్టు. మెల్లగా."

కంతలో ముఖం పెట్టింది. నేలచాప, ఫెర్గస్ మేజోళ్ళు కనిపించాయి. ఇన్నేళ్ళలో తనెన్నడూ బల్ల మీద పడుకోలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఎత్తి చూసింది, మోసి చూసింది, కాళ్ళ ఎత్తు చూసింది, అంతే. ఫెర్గస్ వాలాడు. బల్ల తల వైపుకి ఒక వెంట్రుకవాసి కదిలింది. అంతకంటే ఏమీ కాలేదు. కానీ ఆమె మడమలు దగ్గరికి ముడుచుకున్నాయి. పంటికి పన్ను బిగిసింది. ఫెర్గస్ మళ్ళీ వాలాడు. కింద నేల తన మీదికి రాబోతున్నట్టు ఒళ్ళంతా కాచుకుని కూచుంది.

"నొప్పా?" అన్నాడు ఫెర్గస్. "బల్లని అలా పట్టుకున్నావేం?"

లోర్నా తన చేతుల వైపు చూసింది. రెండూ అంచుల్ని బిగించి ఉన్నాయి. ఆమె పట్టుకోమని చెప్పలేదు. వాటంతట అవే పట్టుకున్నాయి. తన బరువు సెంగా బరువులో సగం ఉంటుంది.

లేచి కూర్చుంది. దిగి, బల్ల మడిచి సంచీలో పెట్టింది.

"పాత బల్లేది?" అంది చివరికి.

ఫెర్గస్ కిటికీలోంచి చూశాడు.

"ఫెర్గస్!"

"ఆర్చీ అడిగాడు. నువ్వు కొత్తది కొనుక్కున్నావు కదా అని..."

"మీ తమ్ముడికి నడుము నొప్పా?"

"గోడలకి కాగితం అంటిస్తున్నాడు."

*

ఆర్చీ ఇంటి హాలంతా చిలకల బొమ్మలున్న కాగితంతో సగం పచ్చగా, సగం బోసిగా ఉంది. మధ్యలో లోర్నా బల్ల. దాని మీద బారెడు కాగితం వెల్లకిలా పడి ఉంది. ముఖం పెట్టుకునే కంతలో జిగురు డబ్బా దిగేసి ఉంది, అచ్చం దానికోసమే కోసినట్టు.

"రా లోర్నా!" అన్నాడు ఆర్చీ బ్రష్షు ఊపుతూ. "ఇలాంటి బల్ల జన్మలో చూడలేదు. కదలదు, మెదలదు. ఈ కంత పెట్టినవాడెవడో కానీ మహానుభావుడు. డబ్బా ఒక్కసారి కూడా ఒలకలేదు."

"అది మనుషులు ఊపిరి పీల్చుకోడానికి, ఆర్చీ."

"ఊపిరా? బోర్లా పడుకునా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఇంకో రెండు గోడలున్నాయి. ఆదివారం ఇస్తే?"

లోర్నా డబ్బా పైకి లాగింది. జిగురు తీగలు సాగింది. ఆమె చూసిన చూపుకి ఆర్చీ మారుమాట్లాడకుండా వేడినీళ్ళు తెచ్చాడు. మధ్యాహ్నమంతా అన్నదమ్ములిద్దరినీ పక్కన నిలబెట్టుకుని తోలు తుడిచింది, కుట్లలో ఇరుక్కున్న జిగురుని గోటితో గీకింది. వాళ్ళు తువ్వాళ్ళు అందించారు. ఒక చిలక ముక్కు మాత్రం ఎంత రుద్దినా కంత అంచున అలాగే ఉండిపోయింది.

శనివారం పొద్దున్న సెంగా ఇంటి ముందు కారాపి, లోర్నా వెనక తలుపు తీయబోతే ఫెర్గస్ ముందుకొచ్చాడు.

"నేను తెస్తాలే. నీ భుజం బాగాలేదు కదా. మొన్న దింపింది నేనూ ఆ కుర్రాడూనేగా, ఏముంది?"

"దింపారు. ఎక్కించలేదు," అంది లోర్నా.

అతను పట్టీ భుజానికి వేసుకుని ఈల వేస్తూ మొదలుపెట్టాడు. మొదటి మలుపులో ఈల ఆగింది. మొదటి అంతస్తులో బల్ల మూల మోకాలికి తగిలి ఒక బూతుమాట వచ్చింది. పట్టీ అటు భుజానికి మార్చాడు. మళ్ళీ ఇటు మార్చాడు. రెండో అంతస్తులో బల్లని గోడకి ఆనించి మెట్టు మీద కూలబడ్డాడు. మెడ మీద చెమట.

"ఏం పెట్టావు దీంట్లో?"

"ఏం లేదు. బల్లే."

"రోజూ ఇదే ఎత్తుకెళ్తావా?"

"రోజూ."

"ఒక్కసారేనా? రోజుకి?"

"ఎన్ని ఇళ్ళుంటే అన్నిసార్లు."

ఫెర్గస్ ఆమె వైపు చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. ఫెర్గస్ దగ్గర మాట అయిపోవడం లోర్నా ఎప్పుడూ చూడలేదు. కాసేపు ఇద్దరూ ఆ చల్లటి మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. తర్వాత అతను లేచి, పట్టీ భుజానికి వేసుకుని, ఈల లేకుండా పైకి ఎక్కాడు.

తలుపు కొడితే లోపల్నుంచి సెంగా గొంతు వచ్చింది. "పిలవలేదే?"

"పాత బల్ల తెచ్చాను."

"పట్టుకుపో."

"ఫెర్గస్ మోసుకొచ్చాడు. ఇప్పుడు తిరిగి దింపమంటే గుమ్మంలోనే ప్రాణం పోయేలా ఉంది."

గడియ తీసిన చప్పుడైంది. సెంగా ముందు ఫెర్గస్‌ని, తర్వాత బల్లని, చివర లోర్నాని చూసింది. ఫెర్గస్‌కి మంచినీళ్ళిచ్చి వంటింట్లో కూచోబెట్టింది. ముందుగదిలోకొచ్చి లోర్నా ఎదురుగా చేతులు కట్టుకు నిలబడింది.

"చూడు, అమ్మాయ్. ఆ చీటీ చూసి చిన్నబుచ్చుకుని రావొద్దన్నాననుకుంటున్నావు. చిన్నబుచ్చుకున్నాను, అది నిజమే. కానీ ప్రతి సోమవారం ఈ కుర్చీలో కూచుని మెట్ల మీద నీ ఊపిరి వింటూ ఉంటాను. ఒక్కో మలుపులో ఎంతసేపు ఆగుతావో నాకు తెలుసు. తేలిక బల్ల నన్ను మొయ్యలేదు, ఈ బల్లని నువ్వు మొయ్యలేవు. మరేం చెయ్యను? నా తుంటి కోసం నీ భుజం తినమంటావా?"

లోర్నా తన అరచేతులు చూసుకుంది. "ఆ కొత్తదాని మీద నేను పడుకున్నాను," అంది. "నా చేతులు కూడా అంచులు పట్టుకున్నాయి. మొన్న మిమ్మల్ని ఎక్కమనాల్సింది కాదు."

సెంగా కట్టుకున్న చేతులు విప్పింది. పెదవి ఒక పక్కకి వంగింది. "నీ చేతులు కూడానా?"

"కణుపులు తెల్లబడ్డాయి."

"దాన్ని ఎంచింది ఎవరు?"

"నేనే."

"ఎలా ఎంచావు?"

"ఎత్తి చూశాను."

"పడుకునేది ఎవరు?"

"మీరు," అంది లోర్నా.

"బడిలో కొత్త వంటమనిషి వస్తే పెద్ద గిన్నె ఎత్తగలదా అని చూసేవాళ్ళు. కూర రుచి ఎవడూ చూసేవాడు కాదు. తిట్లు మాత్రం పిల్లల దగ్గర నేను తినేదాన్ని." సెంగా గోడవైపు తిరిగింది. "ఆ బీరువాలో నా నీలం కోటుంటుంది. ఇలా తీసుకురా. పెళ్ళిళ్ళకి వేసుకునేది."

"ఎక్కడికి?"

"కొట్టు శనివారం తెరిచే ఉంటుంది కదా?"

*

దిగడానికి చాలాసేపు పట్టింది. ముందు ఫెర్గస్, ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి చూస్తూ. వెనక లోర్నా. మధ్యలో సెంగా, ఒక చెయ్యి మెట్ల కమ్మి మీద, ఒక చెయ్యి ఫెర్గస్ భుజం మీద. మలుపు మలుపుకీ ఆగింది. ఆగిన ప్రతిచోటా, ఈ గోడకి సున్నం వేసి ఎన్నాళ్ళయిందని, ఈ కిటికీ ఎవడు తుడుస్తున్నాడని కేకలేసింది. వీధి తలుపు తీయగానే చినుకులు ముఖం మీద పడ్డాయి. సెంగా ముక్కు పైకెత్తి కాసేపు అలాగే నిలబడింది. ఎవరూ తొందరపెట్టలేదు.

దారిలో ఇంటి దగ్గర ఆగి తెచ్చిన తేలిక బల్లని కొట్టులో కల్లమ్ వెనక్కి తీసుకుని, మరకలున్నాయేమోనని అంచులు తడిమాడు. సెంగా అతన్ని దాటుకుని బల్లల వరసలోకి నడిచింది.

"మేడమ్, అవి చూపించడానికి పెట్టినవండీ. ఎక్కకూడదు."

"బూట్లు కొనేటప్పుడు తొడుక్కుని చూస్తావా, చేత్తో ఊపి చూస్తావా, నాయనా?"

"బూట్ల సంగతి వేరు మేడమ్."

"అవును. బూట్లు ఊడితే నేల మీదే ఉంటాం. పీట ఉందా?"

పీట వచ్చింది. కల్లమే తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో అతనికీ తెలిసినట్టు లేదు. సెంగా నీలం కోటుతోనే మొదటి బల్ల ఎక్కి కూర్చుని వెంటనే దిగింది. "ఇది మా బావ తాగొచ్చినట్టు ఊగుతోంది." రెండోదాని మీద పడుకుని చేతులు రెండు పక్కలా వేలాడేసింది. "నేను కబేళాలో మేకని కాను. తర్వాతది." కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. లోర్నాకి ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత, ఎవరేమనుకుంటే నాకేం అనిపించింది. సెంగా దిగిన ప్రతి బల్లనీ తను మడిచి ఎత్తి చూసింది. సెంగాకి నచ్చింది భుజానికి నచ్చదు, భుజానికి నచ్చింది సెంగా కింద మూలుగుతుంది. గోడ దాకా వచ్చేశారు. ఇక లేవేమోనని లోర్నా చిరాగ్గా తిరిగి చూసేసరికి, ఫెర్గస్ మూలనున్న ఒక బూడిదరంగు బల్లని వాళ్ళ వైపుకి లాక్కొస్తున్నాడు.

"దీనికి జేబు లేదు," అన్నాడు.

లోర్నా ఎత్తింది. తేలిక బల్లకంటే బరువే. పాతదాంట్లో సగం కూడా లేదు. భుజం కొంచెం గొణిగింది కానీ ఒప్పుకుంది. విప్పి కాళ్ళు దించింది. తన నడుము కిందికి దిగాయి. కింద ఇనప తీగలు అటూ ఇటూ బిగువుగా లాగి కట్టి ఉన్నాయి.

"చీటీ చదువు, నాయనా," అంది సెంగా. "గట్టిగా."

కల్లమ్ వంగి చదివాడు, గొంతు కొంచెం తడబడుతూ.

"నాకంటే ఎక్కువే," అంది సెంగా కొట్టంతా వినేలా. "ఇంకో ప్లేటు బిస్కెట్లకి చోటుంది."

పీట మీద కాలు పెట్టి, అంచున కూర్చుని, ఒక్కో పక్కా తిప్పుకుంటూ బోర్లా పడుకుంది. బల్ల ఏమీ అనలేదు. లోర్నా కోటు మీంచే తుంటి మీద ముంజేయి ఆనించి, మెల్లగా ఒంటి బరువు వదిలింది. కిచ్‌మనలేదు. ఇంకాస్త వదిలింది. కింద వీపు మెత్తగా దిగింది, ఇంకా దిగింది.

"ఆ రొట్టెలకొట్టువాడున్నాడు చూశావూ," అని నేలలోంచి గొంతు వచ్చింది. "దారే కదా, పోయేటప్పుడు వాడి దగ్గర ఆపండి. ఆర్నెల్లుగా వాడు నాకు పంపిస్తున్నది రొట్టో, ఇటుకో ఇవాళ మొహం మీదే..."

మాట అక్కడ తెగింది. లోర్నా చెయ్యి ఆపింది. సెంగా చేతులు బల్ల అంచుల్ని దాటి కిందికి జారి, వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. కంతలోంచి సన్నగా, తర్వాత కాస్త గట్టిగా గురక వినిపించింది.

ఫెర్గస్ తన బస్సు కోటు విప్పి ఆమె కాళ్ళ మీద కప్పాడు. లోర్నా ఆ పీటే లాక్కుని పక్కన కూర్చుంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడంచేత్తో భుజం నిమురుకుంది.

కల్లమ్ ఏదో అడగబోయి, ఆమె వైపు చూసి నోరు మూసుకున్నాడు. తర్వాత బల్ల దగ్గర అందరి మధ్యలోంచి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, రేడియో గొంతు తగ్గించాడు.